మార్తక్క విప్పి చూడని ఒక్కటి

పోయిన వారం మా ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ గొంతు మారింది. రక్తం గొట్టాలను గిరగిరా తిప్పి, ఎర్రకణాలను కిందికీ సీరంను పైకీ వేరుచేసే యంత్రం అది. రోజంతా ఒకే తీరుగా గుయ్యిమంటూ ఉంటుంది కాబట్టి అది ఉన్నదన్న సంగతే మాకు గుర్తుండదు. ఆ పొద్దున మాత్రం ఆ శబ్దం అడుగున ఎక్కడో సన్నటి గరగర వినిపించింది, ఎవరో పళ్ల మధ్య ఇసుక నములుతున్నట్టు. సొరుగులోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని మొన యంత్రం ఒంటికి ఆనించి, పిడిని నా చెవి వెనకాల ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాను. మొనను కొంచెం కిందికి జరిపితే గరగర పెరిగింది. మధ్యాహ్నం రిపేరు మనిషి వచ్చి విప్పితే కింది బేరింగే అరిగి ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి ఆశ్చర్యంగా చూసి, "ఇది ఎక్కడ నేర్పించారు మేడమ్, కోర్సులోనా?" అని అడిగింది. "కాదు, నాచారంలో. ఒకామె ఇంటి గడప మీద" అన్నాను. అంతకు మించి చెప్పడానికి అప్పుడు తీరిక లేకపోయింది.

సూర్యాపేట పక్క పల్లె నుంచి వచ్చి నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుని, ఉప్పల్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో చేరిన కొత్తలో నేనొక పాత రేసు సైకిల్ కొన్నాను. హబ్సిగూడలో చదువు ముగించి వెళ్లిపోతున్న విద్యార్థిది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు. బస్సులో నిలబడి పోవడం తప్పుతుందన్నదే నా ఆలోచన. నెల తిరిగేసరికి ఎడమ మోకాలు పట్టేసింది. డాక్టర్ మోకాలు వంచి చూసి, మాత్రలు రాసి, సైకిల్ మానేయమన్నాడు. మానేయాలనే అనుకుంటూ ఒక సాయంత్రం మా గల్లీలోంచి మెల్లగా తొక్కుకుంటూ వస్తుంటే, ఒక ఇంటి గడప మీద కూర్చుని ఒళ్లో సైకిల్ చక్రం పెట్టుకున్న ఒకామె చెయ్యెత్తింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. సన్నటి మనిషి. చుడీదార్ మీద ఫ్యాక్టరీ యూనిఫాం చొక్కా తొడుక్కుని, కళ్లద్దాలు జారకుండా దారంతో కట్టుకుని ఉంది.

"జర ఆగు బిడ్డా. నీ సైకిల్ కుంటుతాంది" అంది.

"సైకిల్ ఎట్ల కుంటుతది అమ్మా? మోకాలు నొప్పి నాకు" అన్నాను.

"అదే అంటున్న. గా మూల దాక పోయి, మళ్ల రా."

ఎందుకో అడగకుండానే వెళ్లి వచ్చాను. ఆమె నన్ను మూడుసార్లు తిప్పింది. నాలుగోసారి దిగమని, సైకిల్‌ను గోడకు ఆనించి, పెడళ్లను పట్టి ఉంచే రెండు ఇనుప చేతులను, అంటే క్రాంకులను, గుడ్డతో వెనకవైపు తుడిచింది. కుడి క్రాంకు వెనకాల 170 అని అచ్చు పడి ఉంది. ఎడమ దాని వెనక 175. అర సెంటీమీటరు తేడా.

"ఎడమది ఎప్పుడో ఇరిగితే ఎవ్వలో దొరికింది తెచ్చి ఏసిన్రు. తొక్కినప్పుడల్ల నీ ఎడమ తుంటి కొద్దిగ పైకి లేస్తాంది. అరవై సార్లు నిమిషానికి. మోకాలు ఊకుంటదా?" అంది. తర్వాత, తిట్టినట్టు కాకుండా నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఎనక రాసే ఉంది గదా. ఒక్కపారి గూడ తిప్పి సూడాల్ననిపియ్యలేదా?"

అనిపించలేదు. ఆమె లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చింది. అందులో కిరసనాయిల్‌తో కడిగి పాత చీర ముక్కల్లో చుట్టిన సైకిల్ భాగాలు ఉన్నాయి. ఒక ఎడమ క్రాంకు తీసి, వెనక అంకె నాకు చూపించి, బిగించింది. రెండు వారాల్లో నా నొప్పి పోయింది. మూడో వారం నేనే ఆమె ఇంటికి వెళ్లాను.

ఆమె పేరు మార్త. ఫ్యాక్టరీలో అందరూ పిలిచినట్టే నేనూ మార్తక్క అన్నాను. నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసింది. తయారైన భాగాలను కొలిచి, సరిగ్గా ఉన్నవాటిని ఒకపక్క, లేనివాటిని ఒకపక్క పెట్టడం ఆమె పని. ఊరు జనగామ దగ్గర. నాన్న ఉత్తరాలు పంచేవాడు. ఆయన సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంది. స్కూల్లో ఉండగా జిల్లా పోటీల దాకా వెళ్లింది. అక్కడ చివరి మలుపులో ముందున్న మనిషి చైను పడిపోయి ఓడిపోయింది. ఆ ముందున్న మనిషి ఆమే.

"డ్రిల్లు సారు నా కిస్మత్ బాగలేదన్నడు. అందరు అదే అన్నరు. నేను తెల్లారి సైకిల్ ఇప్పిన. ఎనక చక్రం పండ్లు అరిగి కొక్కేలు లెక్కయినయ్. అవ్వి చైనును పట్టుకుంటలేవు. కిస్మత్ కాదు, పండ్లు." ఆ మాట చెప్పి నవ్వింది. "ఓడిపోయినందుకు ఏడుస్తననుకున్న. కారణం దొరికిందని మస్తు సంతోషమైంది."

వాళ్లాయన యాకోబు ఇంటి ముందు గదిలో దర్జీ పని చేసేవాడు. నేను ఆయన్ను బావా అనేదాన్ని. సైకిళ్లంటే ఆయనకు ఏ ఆసక్తీ లేదు. కాని మా హ్యాండిళ్లకు చుట్టుకోవడానికి ప్యాంటు గుడ్డ మిగులులోంచి మెత్తటి పట్టీలు కుట్టి ఇచ్చేవాడు, అంచులు మడిచి, కాజా కుట్టు వేసి.

బుధవారం, శనివారం తెల్లవారుతుండగా బయలుదేరేవాళ్లం. ఉప్పల్ చౌరస్తా దాటి, బోడుప్పల్ మీదుగా, ఫ్లైఓవర్ స్తంభాల పక్కన నారపల్లి వైపు. అక్కడ పొలాల్లో రాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారు. ఈ వారం చూసిన మొక్కజొన్న వచ్చే వారం ఉండేది కాదు. ఘట్‌కేసర్ దాకా ఆమె నన్ను గేరు మార్చనిచ్చేది కాదు. కాళ్లు మండిపోయి ఎందుకని అడిగితే, "ఒక్క గేరుల ఉంటే రోడ్డు ఎక్కడ లేస్తాందో, ఎక్కడ దిగుతాందో కాళ్లకు తెలుస్తది. కళ్లకు సదునుగ కనవడుతది గని, రోడ్డు సదునుగ ఉండది" అనేది. నిజమే. చదునుగా ఉందనుకున్న అన్నోజిగూడ దారి ఎంత మెల్లగా పైకి లేస్తుందో నెల రోజులకు నా తొడలకు తెలిసింది.

తిరిగి వచ్చాక గడప మీద కూర్చుని ఏదో ఒకటి విప్పేది. సైకిల్‌ను తలకిందులు చేసి, పెడలు తిప్పుతూ, స్క్రూడ్రైవర్ పిడి నా చెవి వెనక పెట్టి, "ఏమినిపిస్తాంది?" అనేది. ఏమీ వినిపించడం లేదంటే, ఒప్పుకునేది కాదు. "ఏం లేదనకు. ఏదో ఒకటి ఇనిపిస్తది. దాని పేరు తెలుస్తలేదు, అంతే." అలా ఒక ఏడాది గడిచేసరికి గ్రీజు ఎండిన బేరింగుకూ పగిలిన బేరింగుకూ తేడా నాకు తెలిసింది. ఏది తెలిసినా పరీక్ష పాసైనట్టు ఉండేది కాదు. ఒక తలుపు తీస్తే లోపల ఇంకో తలుపు ఉన్నట్టు ఉండేది.

ఆ ఏడాది దసరాలోపు జనగామ దగ్గర మార్తక్క ఊరికి పోయి, అదే రోజు తిరిగి రావాలని అనుకున్నాం. నూట యాభై కిలోమీటర్ల పైమాటే. నేను అంత దూరం ఎప్పుడూ తొక్కలేదు. నా హ్యాండిల్ నా భుజాలకు వెడల్పు ఎక్కువగా ఉందని, ఆమె తన సైకిల్‌కు ఎన్నో ఏళ్లు వాడిన అల్యూమినియం హ్యాండిల్‌ను, దాన్ని మధ్యలో పట్టుకునే బిగింపుతో సహా తీసి, నా సైకిల్‌కు వేసింది. బ్రేకు తీగలు మార్చింది. చక్రాలు విప్పి, కడిగి, కూర్చింది. నా సైకిల్‌లో ఆమె చెయ్యి పడని చోటు లేదనుకున్నాను.

ఆగస్టులో ఒక శనివారం, నారపల్లి దగ్గర తిరుగు దారిలో, ఒక చిన్న ఎత్తు మీద నేను సీటు మీంచి లేచి బలంగా తొక్కుతూ హ్యాండిల్‌ను లాగాను. ఠప్పుమని చప్పుడు వినిపించడం గుర్తుంది. కుడిచేతిలో హ్యాండిల్ సగం ముక్క ఉండటం గుర్తుంది, అది దేనికీ అతుక్కుని లేకపోవడం గుర్తుంది. ఆ తర్వాత రోడ్డు. వెనకాల వస్తున్న మార్తక్క నన్ను పక్కకు లాగి, తన చున్నీతో నా చేతిని ఛాతీకి కట్టి, ఆటో ఆపింది. కుడి భుజానికీ మెడకూ మధ్య ఉండే కాలర్‌బోన్ ఎముక విరిగింది. ముందు పన్ను ఒకటి సగం పోయింది.

మర్నాడు ఆసుపత్రికి ఆమె ఒక గుడ్డ సంచితో వచ్చింది. మా అమ్మ అప్పటికే ఊరి నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని ఉంది. "నొప్పి ఎట్లుంది?" అని అడిగింది మార్తక్క. ఉందన్నాను. ఆమె సంచిలోంచి విరిగిన హ్యాండిల్ తీసింది.

"ఇరిగిన కాడ సూడు. ఈ సగం నల్లగుంది, ఆ సగం తెల్లగ మెరుస్తాంది. తెల్లగున్నది నిన్న ఇరిగింది. నల్లగున్నది పాత పగులు. ఎన్ని నెలల సందో గాలి తగిలి నల్లవడ్డది."

"అంటే నేను ఎక్కేటప్పటికే సగం విరిగి ఉందా?"

"ఉంది. బిగింపు కింద ఉంది, పైకి కనవడది. అన్ని ఇప్పి సూసిన. ఈ ఒక్కటి ఇప్పలే. నేను బిగించిందే గదా అనుకున్న. వేరేటోళ్లు బిగించిందైతే ఇప్పుతుంటి. తప్పు నాది, స్వప్నా."

మా అమ్మ మంచం పక్క నుంచి లేచింది. "నీది తప్పని నువ్వే అంటివి. పిల్ల పానం పోతే ఏం జేస్తుంటివమ్మా? ఇంక మా పిల్ల జోలికి రాకు" అంది. మార్తక్క "నువ్వన్నది నిజమే" అని, ఆ ముక్కను మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నిజం చెప్పాలంటే, నాకు మా అమ్మ కంటే ఎక్కువ కోపం వచ్చింది. పడినందుకు కాదు. ఆ మనిషి నా చేయి పట్టుకుని ఒక మంచి మాట చెప్పకుండా, విరిగిన ముక్క నల్లగా ఉందా తెల్లగా ఉందా అని చూపించినందుకు. నా కంటే ఆ లోహం మీదే ఆమెకు ధ్యాస ఉందనిపించింది. ఊరికి వెళ్లిపోయి రెండు నెలలు అమ్మ దగ్గర ఉన్నాను. ఆమె ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. నాచారం తిరిగి వచ్చాక, డ్యూటీకి వేరే గల్లీలోంచి నడిచి వెళ్లేదాన్ని.

ఒక ఆదివారం యాకోబు బావ మా గదికి వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో బైబిలు ఉంది. కూర్చోమంటే గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ అక్క మొఖం లేక రాలేదనుకుంటున్నవేమో బిడ్డా. అది కాదు. పని మిగిలింది, అది అయినంకనే వస్తనంటాంది."

"ఏం పని బావా?"

ఇన్నేళ్లలో ఆ రేకుపెట్టెలోంచి ఎవరెవరి సైకిళ్లకు ఏమేం బిగించిందో గుర్తు చేసుకుని, మార్తక్క ఒక్కొక్కరి ఇంటికీ వెళుతోందట. బోడుప్పల్, దమ్మాయిగూడ, రామంతాపూర్. వెళ్లి, "నేనేసిన దాన్ని నేను సరిగ్గ సూడలేదు, ఒకపారి ఇప్పనియ్యున్రి" అని అడుగుతోందట. కొందరు నవ్వారు. ఒకరు తలుపు తీయలేదు, రెండోసారి వెళ్లింది. మొత్తం పదకొండు సైకిళ్లు. దమ్మాయిగూడలో ఒక మాస్టారి సైకిల్‌కు సీటు కింద కడ్డీలో ఇలాంటి పగులే దొరికింది. ఆయన రోజూ దాని మీద మనవరాలిని బడికి తీసుకుపోతాడు.

బావ వెళ్లాక నాకు అర్థమైంది. ఆసుపత్రిలో ఆమె నాకు చూపించింది లోహం కాదు, తాను ఎక్కడ చూడలేదో ఆ చోటు. క్షమించమని అడగటం దాని కంటే తేలిక. అడిగితే నేను సరే అనేదాన్ని, ఆ మాస్టారు అదే సైకిల్ తొక్కుతూ ఉండేవాడు. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆమె ఏ ఇబ్బందీ పడకుండా, "చెయ్యి పైకెత్తు. ఎంత దాక లేస్తాంది?" అని అడిగింది.

ఆ తర్వాత ఏడాదికి అనుకుంటాను, ల్యాబ్‌లో నా వల్ల ఒక తప్పు జరిగింది. లక్ష్మి అన్న పేరుతోనే ఇద్దరు వచ్చారు. వాళ్ల థైరాయిడ్ రిపోర్టులు తారుమారయ్యాయి. మధ్యాహ్నం నాకే అనుమానం వచ్చి చూస్తే తెలిసింది. అప్పటికే రిపోర్టులు ఇద్దరి ఫోన్లకూ వెళ్లాయి. కంప్యూటర్‌లో సరిచేసి, అచ్చు పొరపాటని మళ్లీ పంపితే ఎవరికీ తెలియదు. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి కూడా. లేచి ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లి, "స్టిక్కర్లు అంటించేటప్పుడు రెండు గొట్టాలు ఒకే చేతిలో పట్టుకున్నాను సార్. తప్పు అక్కడ జరిగింది" అని చెప్పాను. ఇద్దరికీ నేనే ఫోను చేశాను. ఒకామె అప్పటికే మాత్రలు తెచ్చుకుంది, ఇంకా వేసుకోలేదు. ఆ రోజు నా చేతి మీదుగా పోయిన గొట్టాలన్నీ మళ్లీ సరిచూసి ఇంటికి వెళ్లేసరికి చీకటి పడింది. నెల రోజులు నన్ను ఆ స్టిక్కర్లు అంటించే బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు.

మార్తక్కకు చెబితే, మెచ్చుకుంటుందనుకున్నాను. "రెండు గొట్టాలు ఒక్క చేత ఎందుకు పట్టుకున్నవ్?" అంది. తొందరలో అన్నాను. "తొందర ఎందుకైంది?" క్యూ పెరిగింది. "క్యూ ఎందుకు పెరిగింది?" అలా అడుగుతూ పోయి, పొద్దున పూట పరగడుపు పరీక్షలకు అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి రెండో మనిషి అవసరమన్న దగ్గర ఆగింది. ఆ సంగతి నేను ఇన్‌ఛార్జికి రాసి ఇచ్చాను. నాలుగు నెలలకు రెండో మనిషి వచ్చింది.

చెయ్యి బాగయ్యాక శనివారాలు మళ్లీ తొక్కాం కాని, జనగామ ప్రయాణం మాత్రం ఇద్దరం కలిసి చేయలేదు. ఆమెకు తల తిరగడం మొదలైంది. చెవిలోపల సమతూకం చెడిందని, సైకిల్ ఎక్కవద్దని డాక్టర్ చెప్పాడు. ఏ వైపు పడుకుంటే ఇల్లు ఏ వైపు తిరుగుతుందో ఆమె చాలా రోజులు గమనించి ఆయనకు చెప్పింది. ఆయన అదంతా రాసుకున్నాడట. నన్ను ఒక్కదాన్నే పొమ్మంది. డిసెంబరులో పోయాను. భువనగిరి, ఆలేరు, జనగామ. ఊళ్లో బడి ముందు నిలబడి ఫోటో దిగి, తిరిగి వచ్చి గడప మీద కూలబడ్డాను. ఆమె ఫోటో చూడలేదు.

"ఆలేరు దాటినంక గాలి ఎటు నుంచి కొట్టింది?"

"ఎదురు... కుడి నుంచి కావచ్చు."

"బడి ముందట బోరింగు పనిచేస్తాందా?"

"చూడలేదక్కా."

"పోయి వచ్చినవ్ గని, సూసి రాలే" అని నవ్వింది. ఫిబ్రవరిలో మళ్లీ పోయాను. బోరింగు పిడి విరిగి ఉంది. పక్కన నల్లా పెట్టారు. గాలి ఎడమ నుంచి వీచింది. ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుని వింది.

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో ఆమె పోయింది. గుండె. పొద్దున టీ తాగుతూ కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయిందని బావ చెప్పాడు. సమాధి తోటలో మట్టి వేస్తున్నప్పుడు నా ముందు ఎనిమిది మందో తొమ్మిది మందో సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎవరూ నాకు తెలియదు. దమ్మాయిగూడ మాస్టారు ఎవరో కూడా తెలియలేదు.

ఇప్పటికీ శనివారాలు తొక్కి వచ్చి, బావ దగ్గర కాసేపు కూర్చుని వెళతాను. మొదట్లో ఆయన మిషను తొక్కుతూ ఉండేవాడు, నేను టీ తాగి లేచేదాన్ని. ఈ మధ్య ఒక రోజు ఆయన మిషను ఆపాడు.

"బిడ్డా, ఒకటి అడగాల్నని ఉంది. ఇన్నేండ్లు పొద్దుగాల గల్లీ మలుపు దాక పోతుంటే సూసిన. అటెనక ఎన్నడు సూడలే. రోడ్డు మీద ఆమె ఎట్ల తొక్కేది?"

నేను ఆమె వెనక ఎన్ని వేల కిలోమీటర్లు తొక్కి ఉంటానో. ఆమె ముఖం కంటే వీపు నాకు బాగా తెలుసు. కాని ఎవరూ అడగలేదు కాబట్టి ఎప్పుడూ చెప్పలేదు. మెల్లగా మొదలుపెట్టాను. నడుము కదిలేది కాదని, కాళ్లు మాత్రమే తిరిగేవని చెప్పాను. గుంత వస్తే మాట్లాడకుండా రెండు వేళ్లు కిందికి చూపేదని, ఎత్తు రాబోతుంటే ఒక్కసారి మెడ అటూ ఇటూ తిప్పుకునేదని చెప్పాను. "ఇంకోటి బావా, గాలి ఉన్నప్పుడు తిన్నగా పోకపోయేది. ఎడమ నుంచి వస్తే రోడ్డు అంచుకు, కంకరలకు పోయేది. కుడి నుంచి వస్తే లారీలు పోయే దిక్కు జరిగేది." అంటూ అంటూ ఆగిపోయాను. అన్నేళ్లూ అది ఆమె అలవాటనుకున్నాను. వెనకాల ఉన్న నాకు గాలి తగలకుండా అలా జరిగేదని, ఆ మాట నోటితో చెబుతున్నప్పుడే తెలిసింది.

బావ నా వైపు తిరిగాడు. "మరి ఆమెకు గాలి కొట్టదా?" అని అడిగాడు.

"కొడ్తది బావా" అన్నాను.

ఆయన తలూపి, గుడ్డ సరిచేసుకుని, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నారపల్లి దాటగానే గాలి ఎటు నుంచి వస్తుందో చెంపల మీద చూసుకుంటాను. వెనకాల ఎవరూ ఉండరు. అయినా అటువైపు కొంచెం జరుగుతాను.